వ్యాట్ దగ్గరే ఆగిపోయిన నేను

2016లో పాప పుట్టాక అకౌంట్స్ ఉద్యోగం మానేశాను. మళ్ళీ వెతుకుదామంటే నాకు వచ్చింది వ్యాట్ (పాత అమ్మకం పన్ను) లెక్కలు ఒక్కటే. 2017 జూలై 1 నుంచి దాని స్థానంలో జీఎస్టీ వచ్చేసింది. గాజువాకలో ఒక ఇంటర్వ్యూలో "ఇన్నాళ్ళూ ఇంట్లో ఏం చేశారమ్మా?" అన్నారు. (పిల్లని పెంచాను సార్, అనలేకపోయాను.)

మా వదిన బట్టల షాపు బిల్లులు అడిగి తీసుకున్నాను. మూడు నెలలు నేనే టాలీలో (లెక్కల సాఫ్ట్‌వేర్) ఎక్కించి, మరుసటి నెల 11లోపు అమ్మకాల రిటర్న్ జీఎస్‌టీఆర్-1, 20లోపు పన్ను కట్టే రిటర్న్ 3బీ వేశాను. అసలు పని 14న వచ్చే 2బీతో (సప్లయర్లు చూపిన బిల్లుల పట్టిక) కొనుగోళ్ళు సరిచూడటంలో తెలిసింది. సప్లయర్ తన రిటర్న్‌లో బిల్లు చూపకపోతే మనకు క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గింపు) రాదు. ఒకాయన రెండు వదిలేశాడు, ఫోన్ చేసి ఎక్కించమన్నాను.

రెజ్యూమెలో గ్యాప్ దాచలేదు. కింద ఈ పని రాశాను. ద్వారకానగర్‌లో ఒక ఆడిటర్ గారు 2బీ గురించే అడిగారు. జీతం పాతదానికన్నా తక్కువే. సోమవారం నుంచి వెళ్తున్నాను.