వేలాల సీజన్‌లో పాత చైనా నీలి పింగాణీ గిన్నె కొనబోతున్నారా? ముందు ఈ జాగ్రత్తలు

మార్చి, సెప్టెంబరుల్లో న్యూయార్క్, ఏప్రిల్, అక్టోబరుల్లో హాంకాంగ్, నవంబరులో లండన్. ఆసియా కళావస్తువుల పెద్ద వేలాలు ఇంచుమించు ఈ నెలల్లోనే జరుగుతాయి. అదే అదనుగా చిన్నాచితకా అమ్మకందారులూ అటకల మీద సరుకంతా కిందికి దించుతారు. కనెక్టికట్‌లో ఎవరో పాత సామాన్ల అమ్మకంలో 35 డాలర్లు పెట్టి కొన్న గిన్నె 2021 మార్చిలో సోదబీస్ వేలంలో 7,21,800 డాలర్లు పలికింది. ఆ వార్త చదివాక అమెరికాలో ఉన్న మనవాళ్లు కూడా వారాంతాల్లో గరాజ్ సేల్స్ మీద పడ్డారంటే ఆశ్చర్యం లేదు. తిరగండి, తప్పేం లేదు. కాకపోతే ఒక్క సంగతి: ఆ గిన్నె మింగ్ వంశపు యోంగ్‌లె చక్రవర్తి కాలం (1403–1424) నాటిదని నిపుణులు పట్టుకున్నది గిన్నె ఆకారం, బొమ్మ గీసిన తీరు, నీలం ఛాయ చూసి. ఆ కాలపు నీలి పింగాణీ మీద చక్రవర్తి పేరు ముద్ర ఉండటమే అరుదు.

కొత్తగా కొనేవారు బోల్తా పడేది ఆ ముద్ర దగ్గరే. గిన్నె బోర్లించగానే ఆరు చైనా అక్షరాలు కనిపిస్తాయి, ఫోన్‌తో చదివిస్తే ‘మింగ్, చెంగ్‌హువా’ అంటుంది, గుండె ఝల్లుమంటుంది. మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా పాలన 1465–1487. ఆయన ముద్రను తర్వాతి చక్రవర్తి కాంగ్షీ కాలంలో (1662–1722) చైనా పింగాణీ కేంద్రం జింగ్‌డెజెన్ కుమ్మరులు ధారాళంగా వేశారు. కాంగ్షీ ముద్రను 19వ శతాబ్దంలో వేశారు. ఇదంతా మోసమే అనుకోకండి, పాతవారి మీద గౌరవం కొద్దీ వేసినవీ ఉన్నాయి. అడుగున ఇంగ్లిష్‌లో ‘చైనా’ అని ఉంటే మాత్రం తేల్చడం సులువు. 1890 నాటి అమెరికా సుంకాల చట్టం దిగుమతి సరుకు మీద దేశం పేరు రాయాలంది, కాబట్టి ఆ గిన్నె అంతకుముందుది కాదనే అనుకోవచ్చు.

ముద్ర కన్నా దాని చుట్టూ ఉన్న గుండ్రటి అంచును చూడండి. గిన్నె నిలబడేది దాని మీదే. అక్కడ గ్లేజు (గాజులాంటి పూత) ఉండదు, మట్టి బయటపడి కనిపిస్తుంది. వేలితో రుద్ది చూడండి. వందల ఏళ్లు బల్లల మీద రాసుకున్న అంచు నున్నబడి ఉంటుంది, మురికి సందుల్లోనే ఉంటుంది. నకిలీలకు టీ డికాషనో రసాయనమో పట్టిస్తారు, గోధుమరంగు అంచంతా ఒకేలా పరుచుకుంటుంది. లోపలి గీతలూ అంతే: వాడకంతో పడ్డవి అడ్డదిడ్డంగా ఉంటాయి, గరుకు కాగితంతో గీసినవి ఒకే దిక్కుకు పోతాయి. పది రెట్ల భూతద్దం జేబులో పెట్టుకుని వెళ్లండి. బొమ్మలో సన్నని చుక్కల వరుస కనిపిస్తే అది కుంచె పని కాదు, అచ్చు పని.

తర్వాత పగుళ్లు. మన ఆడవాళ్లు సంతలో కుండను కొట్టి చూసినట్టే, గిన్నెను అరచేతిలో నిలిపి గోటితో మెల్లగా తట్టండి. ఖంగుమనాలి. బొంగురుగా పలికితే ఎక్కడో వెంట్రుకవాసి పగులు ఉన్నట్టే. లోపల టార్చి వేస్తే గీత బయటపడుతుంది. రంగు వేసి దాచిన అతుకులు అతినీలలోహిత లైటు కింద చాలావరకు వేరే ఛాయలో వెలుగుతాయి. ఇదంతా చేసేముందు ఉంగరాలు తీసేయండి, బల్ల మీద మెత్తటి గుడ్డ పరవండి, పై అంచు పట్టి మాత్రం ఎత్తొద్దు.

చేతిలోకి తీసుకోకుండా కొనొద్దన్నదే నా పట్టు. వేలానికి ముందు సరుకు చూపించే రోజుల్లో అడిగితే చేతికిస్తారు, రుసుము ఉండదు. కంటికి అలవాటు కావడానికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని చైనా పింగాణీ మంచిదే కానీ, అద్దాల వెనక ఉన్నదాని అడుగు కనిపించదు కదా! దూరం నుంచి కొనక తప్పకపోతే, వస్తువు స్థితి మీద రాతపూర్వక నివేదిక, అడుగు ఫొటోలు అడగండి. కేటలాగులో పగులు మాట లేదంటే పగులు లేదని కాదు. సుత్తి పడిన ధర (వేలంలో ఖరారైన ధర) మీద సంస్థ కమిషన్ వేరే ఉంటుంది, పెద్ద సంస్థల్లో అది పాతిక శాతం దాటుతుంది.

బీజింగ్ పాన్‌జియాయువాన్ సంతలో ‘మింగ్ గిన్నె, ఇంటికి పట్టుకెళ్లండి’ అంటే నవ్వి ముందుకు సాగండి. 1911కి ముందు నాటి పురావస్తువులను చైనా దేశం దాటనివ్వదు. నకిలీ అయితే డబ్బు పోతుంది, అసలైతే కస్టమ్స్‌లో గిన్నే పోతుంది. మన దగ్గరా 1972 చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువును సొంతంగా విదేశాలకు పంపకూడదు. పాత దేవిడీ సామాన్లలో దొరికిన గిన్నెను డాలస్‌లోని అబ్బాయికి సూట్‌కేసులో పంపాలనుకునేవారు ఇది గుర్తుంచుకోవాలి. అలాంటివి అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉందో లేదో కూడా అడగండి.

ఇంటికి తెచ్చాక సింకులో కడగొద్దు, కుళాయి తగిలి అంచు లేచిపోతుంది. ప్లాస్టిక్ తొట్టిలో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లతో, ఒకసారికి ఒక్కటే కడగండి. అతుకు ఉన్నదాన్ని నానబెట్టొద్దు, జిగురు వదిలేస్తుంది. బ్లీచింగ్ జోలికి పోవద్దు. గిన్నెలో పెరుగు తోడుపెట్టడం, మైక్రోవేవ్‌లో పెట్టడం లాంటి సరదాలూ వద్దు. అతుకుల్లోని జిగురు, రంగు తిండికి పనికొచ్చేవి కావు.