ఆన్‌లైన్ సిమ్ రేసుకు ముందు: హైదరాబాద్ డ్రైవర్లకు జాగ్రత్తలు

సిమ్ రేసు అంటే కంప్యూటర్‌లో, నిజం కారు నడిపినట్టే ఆడే కార్ల రేసు. వానాకాలం వీకెండ్‌లో లీగ్ రేసు ఉంటే ఇవి చూసుకోండి.

కరెంటు: పీసీతో పాటు రౌటర్, ఫైబర్ డబ్బా కూడా యూపీఎస్ మీదే ఉండాలి. చాలామంది పీసీ ఒక్కదానికే పెడతారు. కరెంటు పోతే పీసీ నడుస్తుంది, నెట్ పోతుంది, రేసు అక్కడితో సరి. మామూలు ఇన్వర్టర్‌ని నమ్మొద్దు. అది మారే ఆ క్షణంలో పీసీ రీస్టార్ట్ కావచ్చు. శుక్రవారమే మెయిన్ ఆఫ్ చేసి పరీక్షించండి, ఇంట్లో తిట్టినా సరే.

టైమ్: రేసు టైమ్ జీఎంటీలో (లండన్ చలికాలపు టైమ్) ఇస్తే, దానికి అయిదున్నర గంటలు కలపండి. 18:00 అంటే మనకు రాత్రి 11:30. మార్చి చివర్లో, అక్టోబర్ చివర్లో యూరప్ గడియారాలు మారతాయి, అప్పుడు రేసు టైమ్ ఎంతో లీగ్ వాళ్లను మళ్లీ అడగండి.

నెట్: వైఫై వద్దు, లాన్ కేబుల్. సర్వర్ యూరప్‌లో ఉంటే పింగ్ (సర్వర్‌కి సిగ్నల్ వెళ్లి తిరిగొచ్చే టైమ్) ఎలాగూ ఎక్కువే. అది నిలకడగా ఉంటే చాలు, ఊగితే మీ కారు పక్కవాడి స్క్రీన్ మీద గెంతుతుంది.

అప్‌డేట్లు: ముందురోజే.

ఇంధనం: ఫార్మేషన్ ల్యాప్‌కీ (రేసు మొదలయ్యే ముందు అందరూ వరసగా వేసే చుట్టు) ఖర్చవుతుంది. ఒక ల్యాప్‌కి సరిపడా ఎక్కువే పోయండి.

మొదటి మలుపు: టైర్లు చల్లగా ఉంటాయి, క్వాలిఫైయింగ్‌లో (ఎవరు ఏ స్థానం నుంచి మొదలవ్వాలో తేల్చే రౌండ్) బ్రేక్ వేసిన చోట వేస్తే ఆగదు. కాస్త ముందే వేయండి. అక్కడ రెండు స్థానాలు పోయినా పెద్ద నష్టమేం కాదు, గుద్దుకుంటే మాత్రం సాయంత్రమంతా రిపేరు చేసే పిట్‌లోనే.