చలికాలంలో ఆర్‌వీ నీటి గొట్టాలు గడ్డకట్టకుండా చూసుకోవడం ఎలా

అరిజోనా అనగానే మనకు ఎడారి, ఎండ గుర్తుకు వస్తాయి. అందుకే క్రిస్మస్ సెలవులకు ఫీనిక్స్‌లోనో లాస్ ఏంజెలిస్‌లోనో ఆర్‌వీ (పడకలు, వంటిల్లు, స్నానాల గది ఉన్న ప్రయాణపు బండి) అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్ చూడబోయే మనవాళ్ళు స్వెట్టర్లు, దుప్పట్లు సర్దుకుంటారు గాని, బండి అడుగున ఉన్న నీటి గొట్టాలను గురించి ఆలోచించరు. మొదటిసారి వెళ్ళినప్పుడు మేమూ ఆలోచించలేదు. కాన్యన్ దక్షిణపు అంచు సముద్రమట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరి రాత్రులలో అక్కడ ఉష్ణోగ్రత 20 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు, అంటే సెల్సియస్‌లో మైనస్ 7కు, దిగిపోవడం మామూలు విషయం.

రెండో రోజు తెల్లవారుజామున కాఫీకి నీళ్ళు పడదామని వంటింటి కుళాయి తిప్పితే సగం గ్లాసు వచ్చి ఆగిపోయింది. స్నానాల గదిలో మాత్రం నీళ్ళు బాగానే వస్తున్నాయి. గోడమీది థర్మోస్టాట్ 68 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపిస్తోంది, పిల్లలు దుప్పట్లు తన్నేసి నిద్రపోతున్నారు. ఇంత వెచ్చగా ఉన్న బండిలో నీళ్ళు ఎలా గడ్డకట్టాయో మధ్యాహ్నం దాకా మాకు అర్థం కాలేదు. ఎండెక్కి లోపలి మంచు కరిగాక సింకు కింది అలమర తెరిచి టార్చి వేసి చూస్తే, గొట్టం మలుపు తిరిగే చోట ఉన్న ప్లాస్టిక్ ఎల్బో మీద దారపు పోగంత సన్నని చీలిక కనిపించింది. అందులోంచి చుక్కచుక్కగా కారిన నీటికి అలమర అడుగున ఉన్న ప్లైవుడ్ అప్పటికే ఉబ్బింది.

రాత్రంతా పిల్లల మంచం దగ్గర కరెంటు హీటరు పెట్టి ఉంచాము. అసలు కారణం అదే. గది వెచ్చగా ఉండడంతో థర్మోస్టాట్ ప్రొపేన్ ఫర్నేస్‌ను (గ్యాసుతో మండి వేడిగాలి ఊదే యంత్రాన్ని) వెలిగించనే లేదు. చలికాలపు వాడకానికి తయారైన చాలా ఆర్‌వీలలో ఫర్నేస్ ఊదే వేడిగాలిలో కొంత భాగం నేల కింద, ట్యాంకులూ గొట్టాలూ ఉన్న అరలోకి వెళ్ళేలా ఏర్పాటు ఉంటుంది. గదిలో పెట్టిన కరెంటు హీటరు వేడి ఆ అరలోకి చేరదు. కాబట్టి మనం వెచ్చగా ఉన్నామా అన్నది కాదు, గొట్టం వెచ్చగా ఉందా అన్నదే చూసుకోవాలి. వేడి గొట్టం ఉన్న చోటికి చేరాలి, చేరని చోట గొట్టంలో నీరు ఉండకూడదు. కింద నేను చెప్పే జాగ్రత్తలన్నీ ఈ రెండింటిలో ఏదో ఒకటి సాధించడానికే.

ముందు గొట్టాల దారి తెలుసుకోండి

నీరు గడ్డకట్టినప్పుడు దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. గొట్టంలో ఒకచోట మంచు బిరడాలా బిగుసుకుని పెరుగుతూ ఉంటే, ఆ మంచుకూ మూసి ఉన్న కుళాయికీ మధ్య చిక్కిన నీటిమీద ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. ఇప్పటి ఆర్‌వీలలో వాడే పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టం కొంత సాగి తట్టుకుంటుంది. తట్టుకోలేనివి ఎల్బోలు, కుళాయిల లోపలి భాగాలు, పంపు తల, ఫిల్టరు డబ్బా, టాయిలెట్ వెనుక ఉండే వాల్వు వంటివి. అందుకే బండి తీసుకున్న రోజునే, అద్దె బండి అయినా సరే, టార్చి పట్టుకుని నీరు లోపలికి వచ్చే చోటినుంచి చివరి కుళాయిదాకా గొట్టాల దారి చూసుకోవాలి. బయటి గోడను ఆనుకుని పోయే గొట్టం, నేల కిందికి పొడుచుకు వచ్చిన డ్రెయిన్ గొట్టాలు, బయటి నీటి గొట్టం తగిలించే ఇన్‌లెట్, వంటిల్లు స్లయిడ్-అవుట్‌లో (బండి ఆపాక పక్కకు జరిపి గది పెంచుకునే భాగంలో) ఉంటే దానితో పాటు కదిలే గొట్టం, వీటిని గుర్తు పెట్టుకోండి.

వీటన్నిటిలో ఎక్కువమంది మరిచిపోయేది బండి బయటి షవరు. పలచని తలుపు వెనుక, లోపలి వేడి ఏమాత్రం తగలని చిన్న పెట్టెలో దాని కుళాయి ఉంటుంది. వేసవిలో కాళ్ళు కడుక్కోవడానికి తప్ప ఎవరూ దాని తలుపు తీయరు. వేడినీటి గొట్టం, చన్నీటి గొట్టం రెండూ అక్కడిదాకా నీటితో నిండే ఉంటాయి. వాటికి లోపలివైపు విడిగా వాల్వులు ఉంటే చలికాలమంతా వాటిని మూసి, బయట కుళాయిలు తెరిచి, మిగిలిన నీరంతా కారిపోనివ్వండి. విడిగా వాల్వులు లేకపోతే ఆ పెట్టెలో ఫోమ్ ముక్కలు కుక్కి, గొట్టాలు అక్కడికి బయలుదేరే అలమర తలుపును రాత్రులు తెరిచి ఉంచండి.

పంపు పక్కన ఒక చిన్న వైర్‌లెస్ థర్మామీటరు సెన్సారును, వీలైతే నేల కింది అరలో మరొకదాన్ని పెట్టి, వాటి అంకెలు పడక దగ్గర కనిపించేలా ఏర్పాటు చేసుకోవడం నేను తప్పనిసరి అంటాను. గదిలో అంకె 68 ఉన్నప్పుడు పంపు దగ్గర 39 ఉండడం నేను కళ్ళారా చూశాను. ఆ అంకె 40కి దిగితే లేచి ఫర్నేస్ సెట్టింగు పెంచాలి, నీరు గడ్డకట్టే 32 దాకా ఎదురుచూడకూడదు.

రాత్రి బస చేసేటప్పుడు

క్యాంపు కుళాయినుంచి బండికి వేసే హోసు చాలా త్వరగా గడ్డకడుతుంది. ఒకటి రెండు రాత్రుల కోసమైతే కరెంటుతో వేడెక్కే హోసు కొనవలసిన పని లేదు. సాయంత్రమే బండిలోని మంచినీటి ట్యాంకు నింపుకుని, హోసు విప్పి, నీరు పూర్తిగా ఒంపేసి చుట్టి లోపల పెట్టుకోండి. రాత్రికి పంపు మీద ట్యాంకు నీటినే వాడుకోండి. వారాల తరబడి ఒకేచోట ఉండేవారికి మాత్రం కరెంటుతో వేడెక్కే హోసు మంచిది. అప్పుడు కూడా క్యాంపు కుళాయికీ హోసుకూ మధ్య బయట మిగిలిపోయే ఆ జానెడు లోహపు భాగాన్ని ఫోమ్‌తో చుట్టడం మరిచిపోవద్దు. హోసు ఎంత వెచ్చగా ఉన్నా అక్కడ గడ్డకడితే నీరు ఆగిపోతుంది.

పడుకునే ముందు బయటి గోడను ఆనుకున్న అలమరల తలుపులన్నీ తెరిచి ఉంచాలి. తలుపు మూసి ఉంటే గది వేడి సింకు కింది గొట్టాలకు అందదు. పెద్ద ఖర్చేమీ లేని ఈ పని మా బండిలో ఎన్నో రాత్రులు పనిచేసింది.

ఫర్నేస్ ఆగకుండా పనిచేయాలంటే ప్రొపేన్ లెక్క ముందే వేసుకోవాలి. ఒక గ్యాలన్ ప్రొపేన్‌లో సుమారు 91,500 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ఒక ప్రమాణం) వేడి ఉంటుంది. 30 పౌండ్ల సిలిండరులో సుమారు 7 గ్యాలన్లు పడతాయి. గంటకు 30,000 బీటీయూలు తీసుకునే ఫర్నేస్ ఆగకుండా మండితే అది 21 గంటల్లో అయిపోతుంది. గట్టి చలిలో ఫర్నేస్ సగం సమయమైనా మండుతుంది గనుక, ఒక సిలిండరు రెండు రోజులు కూడా రాదనే లెక్కతో ఉండడం క్షేమం. ఫర్నేస్ ఫ్యాను 12 వోల్టుల బ్యాటరీ మీద తిరుగుతుందన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. కరెంటు కనెక్షను లేని చోట బలహీనమైన బ్యాటరీ తెల్లవారకముందే చేతులెత్తేస్తే, సిలిండరు నిండా గ్యాసున్నా వేడి రాదు. కరెంటు హీటరు వాడుకోవచ్చు, కాని థర్మోస్టాట్‌కు దూరంగా పెట్టి, ఫర్నేస్ కూడా మధ్యమధ్య వెలుగుతోందని రూఢి చేసుకోండి. గ్యాసు పొయ్యి వెలిగించి గది వేడిచేసే ప్రయత్నం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఆ వాయువును పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో ప్రయాణానికి ముందే బటన్ నొక్కి చూసుకోండి.

ఒకేచోట ఎక్కువ రోజులుండేవారు బండి చుట్టూ కింది ఖాళీని ఫోమ్ బోర్డులతో మూస్తే చాలా తేడా కనిపిస్తుంది, ఎందుకంటే గాలి వీస్తూ ఉంటే వేడి వేగంగా పోతుంది. గొట్టానికి హీట్ టేపు (కరెంటుతో వేడెక్కే పట్టీ) చుట్టేటప్పుడు, తయారీదారు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప, టేపు మీద టేపు పడకూడదు. అలా పడిన చోట మితిమీరి వేడెక్కి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది.

వాడిన నీటి సంగతి కూడా చెప్పాలి. గ్రే ట్యాంకు (సింకు, షవరులలో వాడిన నీరు చేరే ట్యాంకు) వాల్వు తెరిచి ఉంచితే సింకునుంచి సన్నగా కారే నీరు బయటి మురుగు గొట్టంలో పొరమీద పొరగా గడ్డకట్టి, తెల్లారేసరికి గొట్టమంతా మూసుకుపోతుంది. అందుకే వాల్వులు మూసి ఉంచి, ట్యాంకు బాగా నిండాక పగటిపూట ఒక్కసారిగా వదిలి, ఆ తర్వాత మురుగు గొట్టాన్ని విప్పి ఖాళీ చేయాలి. వాల్వు పిడి బిగుసుకుపోతే బలంగా లాగవద్దు, విరుగుతుంది. హెయిర్ డ్రయ్యరుతో నెమ్మదిగా వేడిచేయండి.

బండి వాడకుండా నిలిపి ఉంచేటప్పుడు

డల్లాస్ వంటి చోట్ల ఉండేవారు ఇదంతా ఉత్తరాది వాళ్ళ పని అనుకోవచ్చు. 2021 ఫిబ్రవరి 16న డల్లాస్–ఫోర్ట్‌వర్త్‌లో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు, అంటే దాదాపు మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. కరెంటు పోయి, టెక్సాస్ అంతటా ఇళ్ళలోనే గొట్టాలు పగిలాయి. వాకిట్లో నిలిపిన బండికి కరెంటు హీటరు ఆ రోజున ఎలా అక్కరకు వస్తుంది? నీరు లేని బండికి మాత్రం అలాంటి భయం ఉండదు.

ముందుగా వాటర్ హీటరు ఆపి, లోపలి నీరు చల్లారేదాకా ఆగి, పంపు కట్టేసి, ఒక వేడినీటి కుళాయి తెరిచి ఒత్తిడి పోనిచ్చాకే హీటరు కింది బిరడా విప్పాలి. తొందరపడి విప్పితే మరుగుతున్న నీరు ముఖాన చిమ్ముతుంది. సబర్బన్ కంపెనీ హీటర్లలో ఆ బిరడాకు యానోడ్ కడ్డీ (ట్యాంకు తుప్పు పట్టకుండా తాను అరిగిపోయే లోహపు కడ్డీ) కూడా ఉంటుంది. అది బాగా అరిగిపోయి ఉంటే మార్చుకోవడానికి ఇదే సరైన సమయం. తర్వాత మంచినీటి ట్యాంకును, నేల కింది డ్రెయిన్లను తెరిచి, కుళాయిలన్నీ తిప్పి నీరంతా పోనివ్వండి. ఫిల్టరు ఉంటే తీసేయండి.

ఇప్పుడు బైపాస్ వాల్వుతో (హీటరులోకి వెళ్ళకుండా పక్కదారిన పంపే వాల్వుతో) హీటరును వేరుచేయాలి. లేకపోతే 6 గ్యాలన్ల యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) ఆ హీటరు నింపడానికే ఖర్చవుతుంది. డ్రెయిన్లు మూసి, పంపు పీల్చే గొట్టాన్ని గులాబీ రంగు యాంటీఫ్రీజ్ డబ్బాలో ముంచి పంపు వేయండి. పంపుకు దగ్గరగా ఉన్న కుళాయితో మొదలుపెట్టి, వేడినీటివైపు ఒకసారి, చన్నీటివైపు ఒకసారి, గులాబీ రంగు చిక్కగా వచ్చేదాకా తిప్పండి. షవరు, టాయిలెట్, బయటి షవరు కూడా ఇలాగే చేయాలి. చివరగా ఒక్కో సింకు డ్రెయిన్‌లోకి, షవరు డ్రెయిన్‌లోకి ఒక కప్పు పోయండి, కింది వంపులో నిలిచే నీరు కూడా గడ్డకడుతుంది. మామూలు ట్రైలరుకు రెండు మూడు గ్యాలన్లు సరిపోతాయి. డబ్బామీద ప్రొపిలీన్ గ్లైకాల్ అని, ఆర్‌వీల కోసమని రాసి ఉండాలి. కార్లకు వాడే ఇథిలీన్ గ్లైకాల్ విషం, తాగునీటి గొట్టాల్లో ఒక్క చుక్క కూడా పడకూడదు. ఈ ద్రవాన్ని నీటితో కలపవద్దు, గొట్టాల్లో నీరు మిగిలి ఉన్నా పలచబడి రక్షణ తగ్గుతుంది. ముందు అంత శ్రద్ధగా నీరు ఒంపమన్నది అందుకే.

యాంటీఫ్రీజ్ వద్దనుకునేవారు కంప్రెసరు గాలితో నీరు ఊదేయవచ్చు. చదరపు అంగుళానికి 40 పౌండ్లకు మించకుండా రెగ్యులేటరు పెట్టుకుని, ఎప్పుడూ ఏదో ఒక కుళాయి తెరిచి ఉంచుతూ ఊదాలి. పంపులో, డ్రెయిన్ వంపుల్లో మాత్రం కొంచెం నీరు మిగులుతుంది గనుక అక్కడ యాంటీఫ్రీజ్ పోయడం ఎలాగూ తప్పదు.

అప్పటికే గడ్డకట్టి ఉంటే

వెంటనే పంపు ఆపి, ఆ కుళాయిని తెరిచి ఉంచండి, కరిగిన నీరు బయటికి పోవడానికి దారి ఉండాలి. అలమర తలుపులు తెరిచి, ఫర్నేస్ సెట్టింగు పెంచి, చేతికి అందే గొట్టాన్ని కుళాయి చివరనుంచి మొదలుపెట్టి వెనక్కి హెయిర్ డ్రయ్యరుతో వెచ్చబెట్టండి. మంటతో కాచకూడదు, ప్లాస్టిక్ గొట్టం కరుగుతుంది, పక్కనున్న ఫోమ్ అంటుకుంటుంది. నీరు మళ్ళీ వచ్చాక అంతా బాగుందని వెంటనే బయలుదేరవద్దు. కుళాయిలన్నీ మూసి, పంపు వేసి, అది ఒత్తిడి పెంచుకుని ఆగాక ఒక పావుగంట నిశ్శబ్దంగా కూర్చుని వినండి. ఎవరూ నీళ్ళు వాడకుండానే పంపు తనంతట తాను మళ్ళీ చప్పుడు చేస్తే ఎక్కడో నీరు కారుతోందని అనుమానించాలి. టార్చి, పొడిగా ఉన్న కాగితపు తువ్వాలు తీసుకుని ఒక్కో అతుకునూ తుడుస్తూ పోండి, కాగితం తడిసిన చోట చీలిక దొరుకుతుంది.