స్కూబా సిలిండర్ మీద తేదీ చదవాలంటే

నీటి అడుగున ఊపిరికి వాడే స్కూబా సిలిండర్‌ను బరంపురం నుంచి విశాఖ దాకా మోసుకెళ్తే, మెడ కింద లోహంలో చెక్కిన ఒత్తిడి పరీక్ష తేదీ కనిపించడం లేదని గాలి నింపేవాళ్లు నింపకుండా తిప్పి పంపుతారు. వాళ్ల తప్పేమీ లేదు, 200 బార్ (బయటి గాలికి సుమారు 200 రెట్లు) ఒత్తిడి దగ్గర మొహమాటాలు పనికిరావు.

ముందురోజే సిలిండర్ మెడ కింద పేరుకున్న ఉప్పును తడిగుడ్డతో తుడవండి. ఆరాక సుద్దముక్క అడ్డంగా రుద్ది, పైపొడిని వేలితో తుడిచేయండి. గుంటల్లో సుద్ద నిలిచి అంకెలు తేలతాయి. పసుపు సిలిండరైతే నీలం సుద్ద మేలు. టార్చి పక్క నుంచి వేసి ఫోటో తీసి, నింపేవాళ్లకు పంపండి. వాళ్లు సరేనంటేనే బయలుదేరండి.

రైల్లో గ్యాస్ సిలిండర్లు నిషిద్ధం. కారులో పడుకోబెట్టి, దొర్లకుండా కట్టండి. లోపల కాస్త గాలి మిగిల్చితే తేమ చొరబడదు.

రంగు మందంగా పూసి ఉంటే సుద్ద చిట్కా పనిచేయదు. అలాగని గరుకు కాగితంతో గీకవద్దు, పరీక్షించేవారికే అప్పగించండి.