చూసి ఉండకపోతే బాగుండేదనిపించే సినిమాలను ముందే గుర్తించడం ఎలా

సినిమా పూర్తయ్యాక ‘ఎందుకు చూశానా’ అని ఒక్కసారైనా అనుకోని ప్రేక్షకుడు ఉండడు. అయితే ఆ మాట వెనుక ఉన్న బాధ ప్రతిసారీ ఒకటే కాదు కాబట్టి దానిని తప్పించుకునే పద్ధతి కూడా ఒకటే కాదు. కొన్ని సినిమాలు కేవలం చెత్తవి. రెండున్నర గంటలు వృథా అయ్యాయన్న చిరాకు తప్ప అవి ఏమీ మిగల్చవు, వారం తిరిగేసరికి కథ కూడా గుర్తుండదు. కొన్ని ఎంతో నైపుణ్యంతో తీసినవే అయినా, వాటిలోని ఒకటి రెండు దృశ్యాలు నెలల తరబడి కళ్ల ముందు మెదులుతూ నిద్ర పట్టనివ్వవు. ఇంకొన్నింటిని ఆసక్తిగానే చూస్తాం గాని, వాటిని తీసిన తీరు తరువాత తెలిసినప్పుడు మనసు విరిగిపోతుంది. మిగిలినవి ఏ దోషమూ లేని సినిమాలు; మనం చూసిన సమయం సరైనది కాదు, లేదా పక్కన కూర్చున్నవారితో కలిసి చూడదగినవి కావు, అంతే.

జనం ఎక్కువగా ఫిర్యాదు చేసేది మొదటి రకం గురించి. నిజంగా జాగ్రత్త పడవలసింది మాత్రం రెండో రకం విషయంలో. అందువల్ల ‘ఈ సినిమా బాగుందా’ అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోకుండా ‘చూశాక ఇది నా దగ్గర ఏం వదిలి వెళ్తుంది’ అని కూడా అడగడం అలవాటు చేసుకోవాలి. ఈ రెండో ప్రశ్నకు రేటింగులు నేరుగా సమాధానం చెప్పవు, కాని వాటిని చదివే తీరు తెలిస్తే కొంత సూచన దొరుకుతుంది.

అంకెలు చెప్పేది, చెప్పనిది

విమర్శకుల సమీక్షలను ఒకచోట చేర్చే రాటెన్ టమాటోస్ సైట్‌లో కనిపించే శాతాన్ని చాలామంది సినిమాకు వచ్చిన మార్కులుగా పొరబడతారు. నిజానికి అది విమర్శకులలో ఎంతమంది అనుకూలంగా రాశారో చెప్పే లెక్క మాత్రమే. పదిమంది విమర్శకులూ ‘పరవాలేదు’ అని సరిపెట్టినా 100 శాతం వస్తుంది. ఆరుగురు ఆకాశానికెత్తి నలుగురు తిట్టిపోస్తే 60 శాతం వస్తుంది. మీకు అమితంగా నచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది ఈ రెండో సినిమాలోనే, చూశాక బాధపడే అవకాశం ఎక్కువగా ఉన్నదీ దానిలోనే. కాబట్టి శాతం చూసి వదిలేయకుండా అనుకూల సమీక్ష ఒకటి, ప్రతికూల సమీక్ష ఒకటి చదవండి. ప్రతికూల సమీక్షలో ‘సాగదీశారు’, ‘కథ లేదు’ వంటి మాటలు ఉంటే నష్టపోయేది సమయమే. ‘భరించలేకపోయాను’, ‘కడుపులో తిప్పింది’ వంటి మాటలు ఉంటే అది వేరే హెచ్చరిక. రాసినవారికి సినిమా నచ్చిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. గొప్ప సినిమా అని ఐదు నక్షత్రాలిచ్చి, ‘మళ్లీ మాత్రం చూడను’ అని ముగించిన సమీక్షలే అన్నిటికంటే విలువైన సమాచారం ఇస్తాయని నా అభిప్రాయం.

ప్రేక్షకులే ఒకటి నుంచి పది వరకు ఓట్లు వేసే ఐఎండీబీ వంటి సైట్లలో సగటు అంకె కంటే ఓట్లు ఎలా పడ్డాయో చూడటం మేలు. ఓట్లన్నీ పదికీ ఒకటికీ పోయి మధ్యలో ఖాళీగా ఉంటే, విడుదలైన తొలి రోజుల్లో అయితే అది అభిమానుల, వ్యతిరేకుల పోరు కావచ్చు. కొన్ని వారాల తరువాత కూడా అలాగే ఉంటే ఆ సినిమా నిజంగానే ప్రేక్షకులను రెండుగా చీల్చిందని అర్థం. సినిమాస్కోర్ అనే సంస్థ అమెరికాలో తొలి రోజు థియేటరుకు వచ్చిన ప్రేక్షకులను అడిగి ఏ ప్లస్ నుంచి ఎఫ్ వరకు గ్రేడు ఇస్తుంది. 2002లో వచ్చిన ‘సొలారిస్’, 2017లో వచ్చిన ‘మదర్!’ రెండూ ఎఫ్ తెచ్చుకున్నాయి, కాని రెండింటినీ మెచ్చుకున్న విమర్శకులకు కొదవ లేదు. అటువంటి గ్రేడు సినిమా నాణ్యతను కాక, ప్రేక్షకుడు ఆశించి వచ్చినదానికీ తెరమీద కనిపించినదానికీ మధ్య ఉన్న దూరాన్ని కొలుస్తుందని అనుకుంటే సరిపోతుంది.

ఆ దూరాన్ని పెంచేది చాలాసార్లు ట్రైలరే. ట్రైలర్ పని సినిమాను అమ్మడం, వివరించడం కాదు. 2019 నాటి ‘యెస్టర్‌డే’ ట్రైలర్‌లో కనిపించిన నటి ఆనా డె ఆర్మస్ అసలు సినిమాలో లేరని ఇద్దరు ప్రేక్షకులు అమెరికాలో కోర్టుకెక్కారు. అంత దూరం వెళ్లనక్కర లేదు గాని, ట్రైలర్ చూసి ఒక సినిమా ఏ కోవకు చెందినదో తేల్చుకోకూడదన్నది గుర్తుంచుకోవాలి.

కథ తెలియకుండానే విషయం తెలుసుకోవడం

వెంటాడే దృశ్యాల నుంచి తప్పించుకోవాలంటే సినిమాలో ఏముందో కొంతైనా ముందే తెలియాలి, కాని కథ మొత్తం తెలిసిపోతే చూడటంలో ఆనందం ఉండదు. ఈ రెండింటి మధ్య దారి ఉంది. బ్రిటన్‌లో సినిమాలను వర్గీకరించే బీబీఎఫ్‌సీ ప్రతి చిత్రానికీ వయోపరిమితితో పాటు, హింస, లైంగిక దృశ్యాలు, భయపెట్టే అంశాలు ఏ స్థాయిలో ఉన్నాయో వివరిస్తూ ఒక చిన్న నోట్ ప్రచురిస్తుంది. ఐఎండీబీలో ‘పేరెంట్స్ గైడ్’ అనే విభాగం ఉంది; పేరు తల్లిదండ్రుల కోసమన్నట్టు ఉన్నా, అది పెద్దలకు కూడా అంతే ఉపయోగం. అందులో ఒక్కో అంశం తీవ్రతను ముందుగా ఒక్క మాటలో చెబుతారు, వివరాలు ఆ కింద ఉంటాయి. ఒక్క మాట చదివి ఆగిపోతే కథ బయటపడదు. 2010 నుంచి నడుస్తున్న ‘డజ్ ద డాగ్ డై’ అనే సైట్ పేరుకు తగ్గట్టు, సినిమాలో కుక్క చనిపోతుందా అన్న ప్రశ్నతో మొదలైంది. ఇప్పుడు అక్కడ పిల్లలకు హాని, ఆత్మహత్య, గర్భస్రావం, సూదులు, మెరిసే లైట్లు వంటి ఎన్నో అంశాలకు అవును, కాదు అన్న సమాధానాలు ప్రేక్షకులే ఇస్తారు. కుక్క గురించి అడగడం చూసి నవ్వేవారు ఉంటారు, కాని మనిషి ఏది భరించగలడో ఏది భరించలేడో బయటివారు నిర్ణయించే విషయం కాదు.

ఈ సమాచారం పనికిరావాలంటే మీ హద్దులు మీకు తెలిసి ఉండాలి. ఇప్పటివరకు మిమ్మల్ని నిజంగా కలతపెట్టిన సినిమాలను తలచుకుని, వాటిలో సరిగ్గా ఏది బాధించిందో ఒక్కో వాక్యంలో రాసుకోండి. ‘హింస’ అని రాస్తే చాలదు. రక్తం చూసినా చలించని వ్యక్తికి అవమానించే దృశ్యం అసలు పడకపోవచ్చు. దయ్యాల సినిమాలను నవ్వుతూ చూసేవారు, ఆసుపత్రి మంచం మీద మెల్లగా చనిపోయే పాత్రను చూడలేకపోవచ్చు. జాబితా ఎంత నిర్దిష్టంగా ఉంటే అంత మేలు, ఎందుకంటే అస్పష్టమైన జాబితా ఉన్నవారు అనవసరంగా సగం సినిమాలకు దూరమై, చూడకూడని ఒక్కదానినీ చూసేస్తారు.

బొమ్మల సినిమా అంటే పిల్లల సినిమా అనుకోవడం ఈ విషయంలో పెద్ద ఉచ్చు. ఇసావో తకహాత తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్’ 1988లో జపాన్‌లో, హాయాఓ మియజాకి తీసిన పసిపిల్లల చిత్రం ‘మై నేబర్ టొటోరో’తో జంటగా విడుదలైంది. మొదటిది యుద్ధంలో తల్లిని పోగొట్టుకున్న ఇద్దరు తోబుట్టువులు ఆకలితో పోరాడే కథ. అది ప్రపంచ యానిమేషన్‌లో అత్యున్నతమైన వాటిలో ఒకటన్నదానిలో నాకు సందేహం లేదు. ‘గొప్పదే, కాని ఒక్కసారికి చాలు’ అని ప్రేక్షకులు తరచుగా చెప్పే సినిమా కూడా అదే.

పిల్లల విషయంలో ఇంకొక మాట. మీడియా భయపెట్టే తీరుపై చాలాకాలం పరిశోధించిన జోఆన్ కాంటర్ చెప్పినదాని ప్రకారం, బాగా చిన్నపిల్లలు రూపం చూసి భయపడతారు, కాస్త పెద్దవారు నిజంగా జరగగల సంగతులకు భయపడతారు. వికృతమైన ముఖం ఉన్న మంచి పాత్ర నాలుగేళ్ల పాపను హడలెత్తించవచ్చు. అదే పాప పట్టించుకోని అపహరణ కథ పదేళ్ల అన్నకు నిద్ర లేకుండా చేయవచ్చు. ‘ఇదంతా ఉత్తిదే’ అన్న ఊరడింపు పెద్దవాడికి పనిచేస్తుంది గాని పసివారికి పెద్దగా పనిచేయదు. వారికి టీవీ కట్టేసి దగ్గరికి తీసుకోవడమే సరైనది. కాంటర్, క్రిస్టెన్ హారిసన్ కలిసి 1999లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్నప్పుడు చూసిన భయానక చిత్రం ప్రభావం ఇంకా పోలేదని చెప్పిన కళాశాల విద్యార్థులు సుమారు నాలుగో వంతు ఉన్నారు.

తీసిన పద్ధతి వల్ల కలిగే పశ్చాత్తాపానికి పరిష్కారం తేలిక: పాత సినిమా, అందులోనూ దారుణానికి పేరుమోసిన సినిమా అయితే, చూడబోయే ముందే దాని నిర్మాణం గురించి రెండు పేరాలు చదవడం. 1980 నాటి ‘క్యానిబల్ హోలోకాస్ట్’లో జంతువులను చంపిన దృశ్యాలు నిజమైనవి. ఈ సంగతి చూశాక తెలియడం కంటే చూడకముందే తెలియడం మంచిదని వేరే చెప్పనక్కర లేదు.

సమయం, తోడు

ఆత్మీయులు పోయిన కొత్తలో మరణం గురించిన సినిమా, పరీక్షకు ముందు రాత్రి నిస్పృహతో నిండిన సినిమా, పెద్దల మధ్య కూర్చుని పడకగది దృశ్యాలున్న సినిమా చూడటం ఎందుకు తగదో వివరించనక్కర లేదు. చూడాలనిపించినా వాయిదా వేసి, పేరు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. ఇతరులతో చూసేటప్పుడు, అందరిలోకీ సున్నితమైన వ్యక్తి హద్దే మొత్తం బృందానికి హద్దు అనుకోవడం మర్యాద.

మధ్యలో లేచి వెళ్లిపోవడం

ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. 1985లో హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ ప్రచురించిన అధ్యయనంలో, నాటక ప్రదర్శనల సీజన్ టికెట్లు కొన్నవారిలో కొందరికి చెప్పకుండా తగ్గింపు ఇచ్చారు. తరువాత చూస్తే, సీజన్ మొదటి సగంలో పూర్తి ధర పెట్టినవారే ఎక్కువ నాటకాలకు వచ్చారు. నాటకాలు అందరికీ అవే; వేరుగా ఉన్నది పోయిన డబ్బు మాత్రమే. సినిమా విషయంలోనూ అదే జరుగుతుంది: టికెట్ డబ్బు ఎలాగూ తిరిగి రాదు, కాని దానికోసం మిగిలిన గంటన్నర కూడా ఇచ్చేస్తాం. విసుగు పుట్టించే సినిమాకు ముందే ఒక గడువు పెట్టుకోండి. మూడో వంతు గడిచేసరికి తరువాత ఏం జరుగుతుందో తెలుసుకోవాలన్న కోరిక ఏమాత్రం లేకపోతే లేచి వెళ్లిపోవడంలో తప్పు లేదు.

కలతపెట్టే సినిమాకు గడువు పెట్టుకోనక్కర లేదు. గుండె దడ, ఒళ్లు బిగుసుకోవడం, తెరమీద నుంచి చూపు మళ్లిపోవడం మొదలైతే అదే సంకేతం. అయితే ఇలా మధ్యలో ఆపితే కథ అత్యంత భయంకరమైన చోట నిలిచిపోయి, ఆ ఒక్క ముక్కే మనసులో మిగిలే ప్రమాదం ఉంది. అటువంటప్పుడు మిగిలిన కథను సారాంశంగా చదివేయడం మంచిది. దృశ్యం లేకుండా వాక్యాలుగా చదివినప్పుడు తీవ్రత చాలావరకు తగ్గుతుంది, ముగింపు కూడా తెలుస్తుంది.

చూసేశాక

ఆ దృశ్యాన్ని తలచుకోకూడదని పట్టుబట్టకండి. 1987లో డేనియల్ వెగ్నర్ బృందం చేసిన ప్రయోగంలో, తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించవద్దని చెప్పినవారు దానినే పదేపదే తలచుకున్నారు. ఆ తరువాత ఆలోచించవచ్చని అనుమతించినప్పుడు, మొదటి నుంచీ అనుమతి ఉన్నవారికంటే ఎక్కువగా తలచుకున్నారు. దీనికంటే ఆశాజనకమైనది 2009లో ఆక్స్‌ఫర్డ్‌లో ఎమిలీ హోమ్స్ బృందం చేసిన పని. బాధాకరమైన దృశ్యాలున్న 12 నిమిషాల చిత్రం చూపించి, అరగంట తరువాత కొందరిచేత 10 నిమిషాలు టెట్రిస్ (పైనుంచి పడే ముక్కలను పేర్చే వీడియో గేమ్) ఆడించారు. ఆ తరువాతి వారంలో, ఆట ఆడనివారితో పోలిస్తే వారికి ఆ దృశ్యాలు అప్రయత్నంగా గుర్తుకు రావడం తగ్గింది, కాని చిత్రంలో ఏం జరిగిందో మరచిపోలేదు. మాటలతో ఆడే క్విజ్‌కు అటువంటి ప్రయోజనం కనిపించలేదని అదే బృందం మరుసటి ఏడాది తెలిపింది. జ్ఞాపకం స్థిరపడే ఆ తొలి గంటల్లో కళ్లకూ ఊహకూ పని చెప్పే ఆట, దృశ్యంతో పోటీ పడుతుందన్నది వారి వివరణ. కాబట్టి అర్ధరాత్రి సినిమా ముగించి నేరుగా పడకెక్కేకంటే, కాసేపు ముక్కలు పేర్చే ఆట ఏదైనా ఆడటంలో పోయేదేమీ లేదు. ఆ దృశ్యాన్ని మళ్లీ వెతికి చూడటం, దానిని ఎలా తీశారో ఫొటోలు చూడటం కొందరికి ఉపశమనం ఇస్తుంది గాని, మొదటి రాత్రే ఆ పని పెట్టుకోకపోవడం మంచిది. మీ జీవితంలో జరిగినదానిని సినిమా తిరగదోడి, వారాలు గడిచినా కలత తగ్గకపోతే, అది ఇక సినిమా సంగతి కాదు. మానసిక వైద్యులతో మాట్లాడవలసిన సంగతి.

ఇంత చెప్పినా, ప్రతి సినిమాకూ ఈ జల్లెడ పట్టడం నేను సమర్థించను. మనస్తత్వ పరిశోధకులు థామస్ గిలోవిచ్, విక్టోరియా మెడ్వెక్ 1995లో రాసినట్టు, మనుషులు చేసిన పనుల గురించి అప్పటికప్పుడు ఎక్కువ బాధపడినా, ఏళ్లు గడిచేకొద్దీ చేయకుండా వదిలేసిన వాటి గురించే ఎక్కువ చింతిస్తారు. నాసిరకం సినిమా చూసిన చిరాకు త్వరగానే పోతుంది కాబట్టి, మొదటి రకం విషయంలో ధైర్యంగా ఉండవచ్చు. ఈ జాగ్రత్తంతా మీ జాబితాలో ఉన్న నాలుగైదు అంశాలకే పరిమితం చేయండి.

ఎవరైనా మిమ్మల్ని ‘ఆ సినిమా చూడవచ్చా’ అని అడిగినప్పుడు మీ తీర్పును పక్కనపెట్టి, ముందు వారికి ఏది పడదో అడగండి. ‘తప్పక చూడు’, ‘దగ్గరికి కూడా పోవద్దు’ అన్న రెండు మాటలూ పనికిరావు. నిజం చెప్పాలంటే రెండోది విన్నవారు వెంటనే వెళ్లి చూస్తారు. ‘రెండో సగంలో పిల్లవాడికి హాని జరిగే దృశ్యం సుమారు మూడు నిమిషాలు ఉంది, వివరంగా చూపించారు, అది దాటితే మళ్లీ రాదు’ అని చెప్పండి. కథ బయటపడదు, చూడాలా వద్దా అన్నది వారే తేల్చుకుంటారు.