వియత్నాం జేబు లెక్కలు - 3వ పాఠం: రెండు నీలం నోట్లు

పోయిన పాఠంలో డబ్బు ఏ రూపంలో తీసుకెళ్ళాలో చూశాం. ఇప్పుడు హనోయ్‌లో దిగాం. 10 వేల రూపాయల విలువైన డాలర్లు మారిస్తే చేతికి సుమారు 30 లక్షల డాంగ్ (వాళ్ళ కరెన్సీ) వస్తుంది. లక్షాధికారులమైపోయాం అన్న సంబరం కాఫీ ధర చూసేదాకే.

ముందు లెక్క. రేటు మారుతూ ఉంటుంది, బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. రూపాయికి 300 డాంగ్ అనుకుంటే నోటిలెక్కకు చాలు. ధరలో చివరి రెండు సున్నాలు కొట్టేసి, మిగిలినదాన్ని మూడుతో భాగించండి. గిన్నెడు ఫో (వాళ్ళ నూడుల్స్ సూప్) 45,000 అన్నారనుకోండి. 450లో మూడో వంతు, 150 రూపాయలు.

బోర్డు చదవడంలో ఒక తిరకాసుంది. మనం కామా పెట్టే చోట వాళ్ళు చుక్క పెడతారు. 45.000 అంటే నలభై ఐదు వేలే. చాలాచోట్ల ఆ మూడు సున్నాలూ ఎగరగొట్టి, 45 పక్కన ఇంగ్లీషు 'కె' అక్షరం తగిలిస్తారు. సంతలో ఆవిడ ఉత్తినే 'ఫార్టీ ఫైవ్' అన్నా వేలే అని అర్థం.

ఇక నోట్లు. నాణేలు వాడకంలో లేవు, అంతా నోట్లే. 10 వేలు, ఆపైన నోట్లన్నీ ప్లాస్టిక్‌వి, కొత్తవైతే జారిపోతాయి, ఒకదానికొకటి అంటుకుంటాయి కూడా. అన్నింటి మీదా వాళ్ళ జాతి నేత హోచిమిన్ బొమ్మే, కాబట్టి ముఖం చూసి పోల్చుకోలేం. లక్షది ఆకుపచ్చ, 50 వేలది గులాబీ. చిక్కంతా నీలంతోనే: 20 వేల నోటూ నీలమే, 5 లక్షల నోటూ నీలమే.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. రాత్రి పది దాటాక టాక్సీ దిగుతూ, మసక వెలుతురులో 20 వేలనుకుని ఒక నీలం నోటు ఇచ్చాను. డ్రైవర్ మాట్లాడకుండా జేబులో పెట్టుకున్నాడు. గదికెళ్ళి లెక్క చూస్తే 66 రూపాయలు ఇవ్వాల్సిన చోట 1,600 పైచిలుకు పోయింది. మా ఆవిడ ఇప్పటికీ దాన్ని 'నీలం టాక్సీ' అంటుంది.

అప్పట్నుంచి 5 లక్షల నోట్లు పర్సులో పెట్టను, లోపలి జేబులో మడిచి విడిగా ఉంచుతాను. అవి హోటల్లోనో పెద్ద షాపులోనో మార్చుకుంటే సరి. వెనకవైపు చూడటం కూడా అలవాటు చేసుకోండి. హోయ్ ఆన్ అనే ఊళ్ళోని పైకప్పున్న వంతెన ఉంటే 20 వేలు. చెట్ల మధ్య హోచిమిన్ చిన్ననాటి ఇల్లుంటే 5 లక్షలు.

అభ్యాసం: బండి మీద బాన్ మీ శాండ్‌విచ్ 30.000. మీరు 2 లక్షల నోటు ఇచ్చారు. మన డబ్బులో శాండ్‌విచ్ ఖరీదెంత? చిల్లరగా మూడు నోట్లొచ్చాయి, అవేవి? వాటిలో నీలం నోటు ఉందా, ఉంటే ఏది? జవాబులు వచ్చే పాఠంలో, ఏటీఎం దగ్గరికి వెళ్ళే ముందు చూద్దాం.