పాత కారు హెచ్చరిక లైట్లు – 3వ పాఠం: వచ్చిపోయే బ్యాటరీ లైటు

ఎర్ర బ్యాటరీ లైటు నిలకడగా వెలిగితే పని సులువే. దారిలో మిణుకుమని, షెడ్డుకు చేరేసరికి ఆరిపోయేదే తిప్పలు పెడుతుంది. దాన్ని చూసి చాలామంది బ్యాటరీ మార్చేస్తారు. ఆ లైటు చెప్పేది ఛార్జింగ్ సంగతి.

ఫిలమెంటు బల్బున్న పాత కార్లలో ఆ బల్బు ఒక కొసకు ఇగ్నిషన్ స్విచ్ నుంచి కరెంటు వస్తుంది, రెండో కొస ఆల్టర్నేటర్‌కు (ఇంజిన్ తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని ఛార్జి చేసే యంత్రం) పోతుంది. ఇంజిన్ ఆగి ఉంటే ఆల్టర్నేటర్ వైపు వోల్టేజ్ చాలా తక్కువ, అందుకే బల్బు వెలుగుతుంది. ఇంజిన్ తిరిగాక రెండు వైపులా దాదాపు 14 వోల్టులే, తేడా లేక ఆరిపోతుంది. అంటే బల్బు చూపేది ఆ తేడానే. ఆల్టర్నేటర్ నిక్షేపంగా ఉన్నా, ఇగ్నిషన్ స్విచ్ కాంటాక్టు అరిగి అటువైపు 12 వోల్టులే అందితే లైటు మసగ్గా వెలుగుతుంది. రాత్రి మాత్రమే కనబడే లైటయితే నా అనుమానం ముందు అటే పోతుంది. తాళం తిప్పగానే, ఇంజిన్ స్టార్ట్ చేయకముందు, లైటు అసలే రాకపోతే బల్బునో దాని తీగనో చూడాలి.

ఇప్పుడు మల్టీమీటర్ తీయండి. డీసీ 20 వోల్టుల స్థానంలో పెట్టి బ్యాటరీ టెర్మినళ్ల మీద కొలవండి. రాత్రంతా ఆగిన కారులో పూర్తి ఛార్జి ఉంటే 12.6 చుట్టూ రావాలి. ఇంజిన్‌ను 2000 ఆర్‌పీఎంలో ఉంచితే 13.8 నుంచి 14.5. హెడ్‌లైట్లు, బ్లోయర్ వేసి, లైటు వచ్చేదాకా ఆగండి. లైటు వచ్చిన క్షణాన మీటరు 12.5 వైపు జారితే ఛార్జింగ్ నిజంగానే ఆగింది. 14 దగ్గరే నిలబడితే తప్పు లైటు తీగలో, కనెక్టర్‌లో, ఇగ్నిషన్ వైపు సరఫరాలో వెతకాలి.

ఛార్జింగ్ తగ్గుతుంటే, అదే లోడు (హెడ్‌లైట్లు, బ్లోయర్) మీద, ఆల్టర్నేటర్ లావు తీగ బోల్టుకు ఎర్ర ప్రోబు, బ్యాటరీ ప్లస్ పోస్టుకు నల్ల ప్రోబు పెట్టండి. ప్రోబు ఆనాల్సింది పోస్టును పట్టుకున్న తీగ బిగింపు (క్లాంపు) మీద కాదు, సీసపు పోస్టు మీదే. 0.2 వోల్టులకు మించితే దారిలో ఎక్కడో అడ్డుంది. ఇంజిన్ ఆపి క్లాంపు విప్పి చూస్తే లోపలి గోడ మీద బూడిదరంగు పొర కనిపిస్తుంది. బయట మెరుస్తున్నా లోపల అంటుకోదు. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా రుద్దండి. తర్వాత క్లాంపు బిగించి, ఇంజిన్ నడుపుతూ అదే లోడు మీద ఆల్టర్నేటర్ బాడీకీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య కొలవండి. అక్కడా 0.2 దాటకూడదు, దాటితే ఇంజిన్‌ను కారు బాడీకి కలిపే ఎర్త్ పట్టీ చూడండి. ఆ లావు బోల్టులో ఎప్పుడూ కరెంటుంటుంది, మైనస్ క్లాంపు తీయకుండా దానికి స్పానర్ వేయకండి.

తీగలన్నీ బాగుంటే, లైటు వెలుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ వెనక భాగాన్ని చెక్క పిడితో మెల్లగా తట్టండి (బెల్టుకు, ఫ్యానుకు చెయ్యి దూరం). ఆరిపోతే, లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండొచ్చు. పొడవు 5 మి.మీ. కన్నా తగ్గితే మార్చాల్సిందే. చల్లని స్టార్టులో కీచుమంటూ లైటు వస్తే బెల్టు వదులు. ఇంజిన్ ఆపి, నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మి.మీ. లొంగాలి.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూసే పాత అలవాటు మాత్రం మానండి. ఒక్కసారిగా ఎగిసే వోల్టేజ్‌కు ఆల్టర్నేటర్‌లోని డయోడ్లు, వోల్టేజ్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ పోవచ్చు.

వచ్చే పాఠం ఐడిలింగ్‌లో మిణికే ఆయిల్ లైటు. ఈలోగా ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడొకసారి, అరగంట నడిపాక ఒకసారి వోల్టేజ్ కొలిచి రాసిపెట్టుకోండి.